టూరిస్టు చేతికి బండి తాళం: అద్దె బైకుల వెనక లెక్కలు

క్లుప్తంగా: ట్యాక్సీకి ట్రిప్పు లెక్కన డబ్బు కట్టాలి, అద్దె బండికి రోజు లెక్కన. చూడాల్సిన చోట్లు అయిదారు కిలోమీటర్లకొకటి చెదిరి ఉన్న ఊళ్లలో ఈ తేడాయే టూరిస్టును బండి వైపు లాగుతోంది. అయితే రోజు అద్దెలో బీమా, లైసెన్సు, ప్రమాద బాధ్యత కలిసి ఉండవు. స్థానిక ట్యాక్సీవాళ్ల ఉపాధి గొడవ కూడా దీనికి ముడిపడి ఉంది.

గోవాలో వాస్కోలోనో తివిమ్‌లోనో రైలు దిగిన కుర్రాళ్లు బస ఎక్కడో తేల్చుకోకముందే బండి అద్దె ఎంతో కనుక్కుంటారు. పుదుచ్చేరిలో, అండమాన్‌లో, లద్దాఖ్‌లో, థాయిలాండ్ దీవుల్లో కూడా ఇదే వరస. కారణం అడిగితే ఎక్కువగా వినిపించే జవాబులు రెండు: చౌక, సరదా.

రెండిట్లో ఏదీ ఒంటరిగా సరిపోదు. చౌకే ముఖ్యమైతే బస్సు ఇంకా చౌక. సరదాయే అనుకుంటే, గోవాలో ఎక్కువగా అద్దెకు పోయేది గేర్లు లేని మామూలు స్కూటర్. ఇంటి దగ్గర పాల ప్యాకెట్టు తేవడానికి వాడే బండే అది. దానికోసం అంత దూరం ప్రయాణం చేసి మరీ ఎవరూ వెళ్లరు. అసలు కారణం అద్దె కట్టే పద్ధతిలో, ఊళ్ల ఆకారంలో ఉంది.

ట్రిప్పుకో రేటు, రోజుకో రేటు

ట్యాక్సీ ఎక్కిన ప్రతిసారీ కొత్త బేరం. ఇక్కడినుంచి కోటకు ఇంత, కోట నుంచి బీచ్‌కు ఇంత, అక్కడ గంట ఆగితే వెయిటింగ్‌కు ఇంకొంత. గోవాలో ఇది మరీ ఎక్కువ. ఓలా, ఉబర్ అక్కడ నడవవు. 2018లో గోవామైల్స్ అనే యాప్ వచ్చినా స్థానిక ట్యాక్సీవాళ్ల నుంచి దానికి మొదటినుంచీ వ్యతిరేకత ఉంది. తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావాలి కాబట్టి ఆ ఖర్చునూ డ్రైవర్ ముందే రేటులో కలిపేస్తాడు. అతని వైపు నుంచి అది న్యాయమే. టూరిస్టుకు మాత్రం ఆరు కిలోమీటర్లకు పన్నెండు కిలోమీటర్ల డబ్బు కట్టినట్టు ఉంటుంది.

స్కూటర్ లెక్క వేరు. సీజన్ కాని రోజుల్లో గోవాలో స్కూటర్ రోజుకు సుమారు నాలుగైదు వందలకు దొరుకుతుంది. అయిదు వందలే అనుకుందాం. రోజంతా తిరిగితే 70 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి లీటరున్నర పెట్రోలు, అంటే మరో నూట యాభై, నూట అరవై. ఇద్దరికీ కలిపి 660 రూపాయల లోపు. ముఖ్యమైన సంగతేమిటంటే, ఆ రోజు మూడు చోట్ల ఆగినా ఎనిమిది చోట్ల ఆగినా ఈ మొత్తం పెద్దగా మారదు. పొద్దున తాళం చేతికొచ్చాక తర్వాతి మజిలీకి అయ్యేది కాస్త పెట్రోలు మాత్రమే.

అర్థశాస్త్రంలో దీన్ని అదనపు యూనిట్‌కు అయ్యే ఖర్చు అంటారు. అద్దె బండి ఆ ఖర్చును దాదాపు సున్నాకు తెస్తుంది. ఖర్చు సున్నా అయితే మనిషి తిరిగే తీరే మారిపోతుంది. దారిలో కొబ్బరి బోండాలు కనిపిస్తే ఆగడం, పేరు తెలియని సందులోకి తిప్పడం, నచ్చని బీచ్ నుంచి అయిదు నిమిషాల్లో లేచి వచ్చేయడం, ఇవన్నీ ట్యాక్సీలో డబ్బు లెక్క చూసుకుని చేయాల్సిన పనులు. బండి మీదైతే లెక్కే ఉండదు. టూరిస్టులు 'ఫ్రీడమ్' అని పిలిచేదాంట్లో ఎక్కువ భాగం ఇదే: ఎవరినీ రేటు అడగక్కర్లేకపోవడం. హిందీ అంతంత మాత్రంగా వచ్చిన తెలుగు ప్రయాణికులకు రోజుకు ఆరుసార్లు బేరమాడే టెన్షన్ తప్పడం కూడా చిన్న విషయం కాదు.

ఈ లెక్క అందరికీ కుదరదు. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబానికి రెండు స్కూటర్లకంటే ఒక కారే నయం. ఒకే చోటుకు వెళ్లి సాయంత్రం దాకా అక్కడే ఉండేవారికి ట్యాక్సీ చాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొంకణ్ తీరంలో వాన దంచికొడుతుంది కాబట్టి అప్పుడు అద్దె తగ్గినా లాభం తక్కువ. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారంలో అదే స్కూటర్ రేటు రెట్టింపూ అంతకు మించీ పోతుంది. అప్పుడూ బండ్లు మిగలవు. ఆ వారంలో ట్యాక్సీ రేట్లూ చుక్కలు చూపిస్తాయి, బీచ్ రోడ్ల మీద కారు పార్కింగ్ దొరకడమూ గగనమే.

ఊరి ఆకారం

అన్ని పర్యాటక స్థలాల్లోనూ అద్దె బైకుల షాపులు పుట్టుకురావు. తిరుమల దీనికి మంచి ఉదాహరణ. ఏటా కోట్లమంది వచ్చే చోటు అది. కానీ వచ్చినవారి దృష్టంతా ఒక్క గుడి మీదే. బస, క్యూ కాంప్లెక్సు, అన్నప్రసాదం, అన్నీ దాని చుట్టూనే. కొండ మీద తిరగడానికి టీటీడీ నడిపే ధర్మరథం బస్సులు ఉచితం. అక్కడ బండి అద్దెకు తీసుకుని ఏంచేయాలి?

గోవాకు అలాంటి నడిబొడ్డు లేదు. రాష్ట్రం మొత్తం విస్తీర్ణం 3,702 చదరపు కిలోమీటర్లే. ఆగ్వాడ కోట ఒక పక్క, చపోరా కోట ఇంకో పక్క, పాత గోవా చర్చిలు మరో దిక్కున. ఒక్కోటీ నడిచేంత దగ్గర కాదు, కారు మాట్లాడుకునేంత దూరమూ కాదు. కదంబ సంస్థ బస్సులు, ప్రైవేటు మినీ బస్సులు పట్టణాలను కలుపుతాయి, కానీ బీచ్ సందుల్లోకి అన్ని చోట్లా రావు. చీకటి పడ్డాక పల్చబడతాయి కూడా. టూరిస్టు బయటికి వెళ్లాలనుకునేది సరిగ్గా ఆ సమయంలోనే. వంతెన లేని దివార్ ద్వీపానికి ఫెర్రీలో వెళ్లాలి. స్కూటర్‌తో సహా ఫెర్రీ ఎక్కితే అవతల దిగగానే తిరగొచ్చు. బండి లేకపోతే రేవు దగ్గరే నిలబడిపోవాలి.

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపానిదీ, అంటే పాత పేరు హేవ్‌లాక్‌దీ, ఇదే కథ. పడవ దిగే జెట్టీ ఒక కొస, పేరున్న రాధానగర్ బీచ్ పన్నెండు కిలోమీటర్ల అవతల ఇంకో కొస. పుదుచ్చేరిలో వైట్ టౌన్ వీధులు నడిచి చూడాల్సినవే, కానీ ఆరోవిల్ ఊరికి దాదాపు పది కిలోమీటర్ల బయట. హంపిలో శిథిలాలు నలభై చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉన్నాయి. పైగా తుంగభద్ర అవతల ఆనెగొంది, సణాపూర్ వైపు వెళ్లాలంటే సొంత బండి లేని మనిషికి కష్టమే.

అరకు మధ్యరకం. విశాఖ నుంచి కిరండూల్ లైనులో వెళ్లే రైలుకు అద్దాల బోగీ ఉంది, సొరంగాల దారి చూడటానికే జనం ఎక్కుతారు. బొర్రా గుహలు, కటికి జలపాతం, చాపరాయి ఒకదానికొకటి దూరం కాబట్టి రైలు దిగినవారు జీపో ఆటోనో మాట్లాడుకోవాలి. అందుకే కుటుంబాలు రైలెక్కితే కుర్రకారు విశాఖలోనే బండి తీసుకుని సుమారు 115 కిలోమీటర్ల దారిలో అనంతగిరి ఘాట్ మీదుగా వెళ్తున్నారు. హైదరాబాద్‌లో కూడా అద్దె బైకుల కంపెనీలున్నాయి. కానీ వాటి గిరాకీలో ఎక్కువ మంది చార్మినార్, గోల్కొండ చూడటానికి వచ్చినవాళ్లు కాదు, నగరంలో ఉండి చదువుకునేవారు, ఉద్యోగులు. మెట్రో, యాప్ ఆటో ఉన్న చోట టూరిస్టుకు బండి అవసరం సగానికి సగం తగ్గిపోతుంది.

వీటికి తోడు, నడపడం ముందే వచ్చి ఉండటం. మన దేశంలో రిజిస్టరైన వాహనాల్లో నాలుగింట మూడు వంతులు ద్విచక్రాలే. స్కూటర్ నడపడానికి తెలుగు కుర్రాడికైనా అమ్మాయికైనా ధైర్యం కొత్తగా తెచ్చుకోనక్కర్లేదు. యూరప్ నుంచి వచ్చినవారి సంగతి అలా కాదు. వాళ్లలో చాలామందికి సొంత ఊళ్లో కారు లైసెన్సే ఉంటుంది, రెండు చక్రాల మీద అలవాటు గోవాలోనే మొదలవుతుంది. చేతికీ కాలికీ కట్లతో బీచ్‌లో కనిపించే విదేశీయుల్లో కొందరి కథ అదే.

బండే యాత్ర అయిన చోట

లద్దాఖ్‌కు ఈ వివరణ పూర్తిగా అతకదు. మనాలీ నుంచి లేహ్‌కు సుమారు 430 కిలోమీటర్లు. ఈ దారిలో వెళ్లేవారికి ఆ ప్రయాణమే గమ్యం. అందుకే అక్కడ స్కూటర్లకు కాకుండా ఎక్కువగా రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లకు గిరాకీ.

ఇక్కడ సొంత బండి ఉన్నవాళ్లు కూడా అద్దెకు తీసుకుంటారు. హైదరాబాద్ నుంచి లేహ్ సుమారు 2,500 కిలోమీటర్లు. సొంత బండి మీద పోతే రానూపోనూ దారికే రెండు వారాల సెలవు కరిగిపోతుంది. రైల్వే పార్శిల్‌లో పంపొచ్చు, కానీ ట్యాంకు ఖాళీ చేయాలి, ప్యాకింగ్ చేయించాలి, మనిషీ బండీ ఒకేరోజు చేరతాయన్న భరోసా లేదు. విమానంలో లేహ్ దిగి అక్కడే బండి తీసుకుంటే సెలవంతా కొండల్లోనే గడపొచ్చు. పైగా ఆ రాళ్ల దారుల్లో బండి పాడైతే బాగుచేసే మెకానిక్, విడిభాగాలు అద్దె షాపువాళ్ల దగ్గరే ఉంటాయి. సరదా ఉన్న మాట నిజమే. దాన్ని అద్దె వైపు తిప్పేది మాత్రం సెలవుల లెక్క.

నల్ల ప్లేటు, తెల్ల ప్లేటు

1988 మోటారు వాహనాల చట్టంలోని 75వ సెక్షన్ బండ్లు అద్దెకిచ్చే వ్యాపారానికి నిబంధనలు చేసే అధికారం కేంద్రానికి ఇచ్చింది. దాని కింద 1997లో మోటారు సైకిళ్ల అద్దె పథకం వచ్చింది. లైసెన్సు తీసుకోవాలంటే కనీసం అయిదు బండ్లు ఉండాలన్నది అందులో ఒక షరతు. అలా అనుమతి ఉన్న బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. సొంత వాడకపు బండికి తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు.

గిరాకీ రెక్కలు కట్టుకుని వచ్చే ఊళ్లో ఈ షరతు అందరూ పాటిస్తారనుకోవడం అమాయకత్వం. గదులు అద్దెకిచ్చే ఇంటివాళ్ల దగ్గర ఒకటో రెండో స్కూటర్లుంటాయి. సీజన్‌లో ఒక్కోటి రోజుకు కొన్ని వందలు తెస్తుంది. వాణిజ్య పన్ను, వాణిజ్య బీమా లేవు కాబట్టి నల్ల ప్లేటు షాపుకంటే యాభయ్యో వందో తగ్గించి ఇవ్వగలరు. టూరిస్టుకు రెండు బండ్లూ ఒకేలా నడుస్తాయి. తేడా పోలీసు ఆపినప్పుడో, ఏదైనా జరిగినప్పుడో తెలుస్తుంది. చెక్‌పోస్టులో పట్టుబడితే పోయేది రెండు మూడు గంటల సెలవు, జరిమానా, ఒక్కోసారి బండి కూడా. 'ఫ్రెండ్ బండి అని చెప్పండి' అని యజమాని ముందే నేర్పించడంలోనే అసలు సంగతి ఉంది.

నల్ల ప్లేటు ఉన్నా కొన్ని హద్దులుంటాయి. మాండవి నది మీద 2019లో ప్రారంభమైన అటల్ సేతు మీదకు ద్విచక్రాలను రానివ్వరు. మ్యాపు చూపించిన దారే కదా అని ఎక్కేసినవాళ్లకు జరిమానా. గోకర్ణ దగ్గరే కదా అని గోవా బండితో కర్ణాటకలోకి పోవడం కూడా చిక్కే, చాలా షాపులు రాష్ట్రం దాటొద్దని ముందే చెబుతాయి.

డిపాజిట్ గురించి ఒక మాట. ఒరిజినల్ లైసెన్సు తమ దగ్గర పెట్టుకుంటామని అడిగే షాపులున్నాయి. దారిలో పోలీసుకు చూపించాల్సిన కాగితం షాపు డ్రాయర్లో ఉండటం వింతే. డిజిలాకర్‌లోని లైసెన్సు చట్టప్రకారం చెల్లుతుంది కాబట్టి ఇప్పుడు ఆ ఇబ్బంది కొంత తగ్గింది. బండి తిరిగిచ్చేటప్పుడు పాత గీతలకు కొత్త డబ్బు అడగడం ఇంకో తంటా. తాళం తీసుకునేటప్పుడే నాలుగు వైపులా వీడియో తీసుకోవడం అందుకే అలవాటైంది. ట్యాంకు మాత్రం దాదాపు ఖాళీగానే ఇస్తారు, గోవా రోడ్ల పక్కన నీళ్ల సీసాల్లో పెట్రోలు అమ్మే చిల్లర వ్యాపారం బతికేది దాని మీదే. ఆ అమ్మకానికీ అనుమతి ఉండదు.

అద్దెలో లేని ఖర్చు

రోజుకు అయిదు వందలన్న రేటు చౌకగా కనిపించడానికి ఒక కారణం, రిస్కు ధర అందులో లేకపోవడం. రిస్కు చిన్నదేం కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో సుమారు 44.5 శాతం ద్విచక్రాల మీద వెళ్తున్నవారే. టూరిస్టుకు దారి కొత్త, బండి కొత్త, బ్రేకు ఎంత పట్టుకుంటుందో తెలియదు, చూపు సగం మ్యాపు మీద, సగం సముద్రం మీద.

ప్రమాదం జరిగితే ఎవరు కడతారు? ఇక్కడే చాలామంది పొరపడతారు. 'బండికి ఇన్సూరెన్స్ ఉంది సార్' అని షాపువాడు చెప్పేది ఎక్కువగా థర్డ్ పార్టీ బీమా గురించి. బండి తగిలి ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే అది ఉపయోగపడుతుంది. నడిపేవాడి సొంత గాయాలకు కాదు. తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షల రూపాయలకు ఉంటుంది గానీ అది బండి యజమాని పేరు మీద, అతను నడిపినప్పటికి ఉద్దేశించింది. వేరేవారి బండి అడిగి తీసుకుని నడిపిన మనిషి యజమాని స్థానంలోకి వస్తాడనీ, థర్డ్ పార్టీగా పరిహారం కోరలేడనీ సుప్రీంకోర్టు 2009లో ఒక కేసులో చెప్పింది, 2020లో మరో కేసులో అదే సూత్రాన్ని పాటించింది. అవి అరువు బండ్ల కేసులు. అద్దెకు తీసుకున్నవాడు తన పరిస్థితి అంతకంటే మెరుగని అనుకోవడానికి ఆధారం కనిపించదు. వెనక కూర్చున్నవారి స్థితి కూడా అంతంతే. కనీస థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే స్కూటర్ వెనక సీటు మనిషికి అది వర్తించదని 2006లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

తెల్ల ప్లేటు బండి అయితే ఇంకో చిక్కు. సొంత వాడకపు పాలసీలో బండిని కిరాయికి ఇవ్వకూడదన్న షరతు ఉంటుంది. కిరాయికిచ్చినట్టు తేలితే బండి రిపేరు క్లెయిమును కంపెనీ తిరస్కరించవచ్చు. ఆ బిల్లు చివరికి ఎవరి మీద పడుతుందో డిపాజిట్ ఇచ్చినవారికి వేరే చెప్పక్కర్లేదు.

లైసెన్సు సంగతి దీనికంటే చిన్నగా కనిపిస్తుంది, కానీ దెబ్బ అక్కడే మొదలవుతుంది. కారు లైసెన్సు స్కూటర్‌కు చెల్లదు. గేర్లు లేని బండి లైసెన్సుతో బుల్లెట్ నడపకూడదు. 2019 సవరణ తర్వాత తగిన లైసెన్సు లేకుండా నడిపితే చట్టంలో రాసిన జరిమానా 5,000 రూపాయలు. అలాంటి మనిషికి బండి ఇచ్చిన యజమానికీ అంతే. మందు తాగి నడిపితే మొదటిసారే 10,000 దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. గోవా యాత్రలో పగటి బండీ రాత్రి మందూ ఒకే ప్యాకేజీలా సాగుతాయి కాబట్టి ఈ సెక్షన్‌కు అక్కడ పని ఎక్కువ.

దేశం దాటితే

ఇటీవల తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్తున్న థాయిలాండ్, వియత్నాంలలో స్కూటర్ అద్దెకు తీసుకోవడం గోవాకంటే సులువు. షాపులో లైసెన్సు చూపించమని అడగకపోవచ్చు కూడా. అడగలేదంటే చెల్లినట్టు కాదు. మన ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది, ఏడాది పనిచేస్తుంది. థాయిలాండ్‌లో అది చెల్లుతుంది, అయితే అందులో మోటారు సైకిల్ తరగతి ఉండాలి. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లను. అంటే హైదరాబాద్ ఆర్టీవోలో వెయ్యి రూపాయలు కట్టి తెచ్చుకున్న పర్మిట్ పుస్తకం వియత్నాంలోని హా జియాంగ్ కొండదారిలో పనికిరాదు. అక్కడ చెల్లే లైసెన్సు లేదని తేలితే ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ఆస్పత్రి బిల్లు కట్టనంటుంది. పాలసీ కాగితంలో ఆ షరతు ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ. అందుకే హా జియాంగ్‌లో స్థానిక డ్రైవర్ వెనక కూర్చుని తిరిగే పద్ధతి బాగా వాడుకలో ఉంది.

ఊరివాళ్ల లెక్క

బండి తీసుకున్న ప్రతి టూరిస్టూ ఒక ట్యాక్సీవాడికి పోయిన బేరం. గోవాలో ట్యాక్సీలే కాదు, పసుపు, నలుపు మోటారు సైకిళ్ల మీద మనుషుల్ని ఎక్కించుకుని తిప్పే 'పైలట్లు' దశాబ్దాలుగా ఉన్నారు. యాప్ ట్యాక్సీలను వద్దన్న వర్గాలే అద్దె బండ్ల సంఖ్య మీద కూడా గొంతెత్తుతున్నాయి. ఇందులో ఒక విచిత్రముంది. యాప్ ట్యాక్సీలు రాకుండా ఆపిన కొద్దీ ట్యాక్సీ రేటు దిగదు, రేటు దిగని కొద్దీ టూరిస్టు స్కూటర్ వైపు పోతాడు. ట్యాక్సీ సంఘాలు తమ బేరాన్ని కాపాడుకునే దారిలోనే స్కూటర్ షాపులకు గిరాకీ పెంచిపెడుతున్నాయి.

లేహ్‌లో స్థానికులు దీన్ని ఇంకో రకంగా తేల్చుకున్నారు. మనాలీలోనో శ్రీనగర్‌లోనో అద్దెకు తీసుకున్న బండి మీద లేహ్ దాకా రావచ్చు. అక్కడినుంచి నుబ్రా, పాంగాంగ్ వైపు వెళ్లాలంటే దాన్ని పక్కనపెట్టి లేహ్‌లోనే మరో బండి తీసుకోవాలి. స్థానిక అద్దె సంఘాలు దారిలో నిలబడి మరీ నంబర్ ప్లేట్లు చూస్తాయి. సొంత బండి మీద వచ్చినవారికి ఈ అడ్డు లేదు, ఆర్సీలో పేరు తమదేనని చూపించాలి. టూరిస్టుకు ఇది రెట్టింపు ఖర్చు. ఏడాదిలో నాలుగైదు నెలలే సీజన్ ఉన్న ఊరికి మాత్రం, మనాలీ షాపుకు పోయే అద్దెలో కొంత తమ దగ్గర ఆపుకునే దారి. అందుకే లేహ్ యాత్ర ప్లాన్ చేసుకునేవారు మనాలీ నుంచి ఎన్ని రోజులకు బండి తీసుకోవాలో, లేహ్‌లో ఎన్ని రోజులకు ఇంకోటి కావాలో ముందే విడివిడిగా లెక్క వేసుకుంటున్నారు.